నది అన్నం కుండ కాదు

అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి కుండంతా కెలకక్కర్లేదు, ఒక్క మెతుకు నొక్కి చూస్తే చాలంటారు మన ఇళ్లలో. ఆ మాట నిజమే. కుండలో బియ్యం ఒకటే, ఎసరు ఒకటే, మంట ఒకటే. అందుకే ఒక మెతుకు మిగిలిన మెతుకులన్నిటి తరఫునా సాక్ష్యం చెప్పగలుగుతుంది. చిక్కేమిటంటే, ఈ పద్ధతిని మనం వంటింట్లో వదిలిపెట్టం. ఒక్క మాట విని మనిషిని తేల్చేస్తాం, ఒక్క పరీక్షలో మార్కులు చూసి పిల్లవాణ్ణి తేల్చేస్తాం, ఒక్క సీసా నీళ్లు పట్టి నదిని తేల్చేస్తాం. ఈ అధ్యాయం తేల్చడమనే పని గురించే. దీనికి బొగ్గు గని పక్కన పారే నీటిని ఉదాహరణగా తీసుకోవడానికి కారణముంది. అక్కడ తొందరపడితే రెండు వైపులా నష్టమే. నీళ్లు బాగానే ఉన్నాయని పొరపాటుగా చెబితే తాగేవాళ్ల ఒళ్లు చెడుతుంది. విషమని పొరపాటుగా చెబితే, రేపు నిజంగా విషం కలిసినా ఆ మాట ఎవరూ నమ్మరు. నేను చెప్పదలచింది ఒకటే. నీటి గురించి వచ్చిన ఏ అంకెకైనా అర్థం పోలికలోనే ఉంది. ఎగువ నీటితో దిగువ నీటిని, వానకు ముందున్న నీటిని వాన తర్వాతి నీటితో, ఒక లవణాన్ని దాని పక్క లవణంతో పోల్చి చూసినవాడికే తీర్పు చెప్పే అర్హత వస్తుంది.

సూరత్ అనగానే మనకు గుర్తొచ్చేది చీరలు, వజ్రాలు, మరమగ్గాలు. లింబాయత్ వంటి పేటల్లో తెలంగాణ జిల్లాల నుంచి వెళ్లి స్థిరపడిన నేత కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్లలో కూడా ఎందరికో తట్టని సంగతి ఏమిటంటే, సూరత్ జిల్లాలో బొగ్గు తవ్వకం కూడా ఉంది. అది సింగరేణి బొగ్గు లాంటి ముదురు బొగ్గు కాదు, లిగ్నైట్ అనే లేత బొగ్గు. నగరానికి ఈశాన్యంగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, మాంగ్రోల్ తాలూకాలో వస్తాన్ గని ఉంది. దాని దగ్గర్లోనే నానీ నరోలీలో గుజరాత్ ఇండస్ట్రీస్ పవర్ కంపెనీ వారి లిగ్నైట్ విద్యుత్ కేంద్రం ఉంది. 125 మెగావాట్ల యూనిట్లు నాలుగు, మొత్తం 500 మెగావాట్లు. ఇదే జిల్లాలోని తడకేశ్వర్‌లో గుజరాత్ మినరల్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ గని ఉంది. ఈ రెండూ ఓపెన్‌కాస్ట్ గనులు. యెల్లందులో 1889లో మొదలైన సింగరేణి చరిత్ర తెలిసిన మనకు ఓపెన్‌కాస్ట్ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. పైమట్టి అంతా ఎత్తి గుట్టలుగా పోస్తారు, బొగ్గు తీస్తారు, గోతిలో చేరిన నీటిని పంపులతో బయటికి తోడతారు. ఈ గనుల వల్ల నీరు చెడిందని గానీ చెడలేదని గానీ నేనిక్కడ చెప్పడం లేదు. అది ఎలా తెలుసుకోవాలన్నదే నా విషయం.

తెలుసుకోబోయేవాడు చేసే మొదటి తప్పు సీసాతో నేరుగా నీటి దగ్గరికి వెళ్లడం. ముందు పటం దగ్గర కూర్చోవాలి. సూరత్ నగరం తాగేది తపతి నీళ్లు. స్థానికులు తాపీ అనే ఈ నది మధ్యప్రదేశ్‌లోని ముల్తాయి దగ్గర పుట్టి, 724 కిలోమీటర్లు ప్రవహించి, ఉకాయ్ జలాశయాన్నీ కాక్రాపార్ ఆనకట్టనూ దాటి నగరానికి వస్తుంది. వస్తాన్ ప్రాంతపు వాన నీరు దిగేది తపతిలోకి కాదు, దానికి ఉత్తరాన పారే కిమ్ నది వైపు. కిమ్ తపతికి ఉపనది కాదు. అది తన దారిన తాను ఖంభాత్ సింధుశాఖలో కలుస్తుంది. కాబట్టి సూరత్‌లో తపతి ఒడ్డున నిలబడి ఎంత జాగ్రత్తగా నీళ్లు పట్టినా, ఎంత మంచి లాబొరేటరీకి పంపినా, వస్తాన్ గని గురించి ఒక్క ముక్క తెలియదు. ‘సూరత్ జిల్లాలో గని ఉంది, సూరత్‌లో నీళ్లు పరీక్షించాం, బాగున్నాయి’ అనే వాక్యంలో ప్రతి ముక్కా నిజమే కావచ్చు, కానీ మొత్తం కలిపితే అర్థం లేదు. జిల్లా సరిహద్దులు కాగితం మీదివి, నీరు పల్లాన్ని బట్టి పోతుంది. ఏ చుక్క ఏ వాగులో దిగి, ఏ వాగు ఏ నదిలో కలుస్తుందో తేల్చుకున్నాకే సీసా చేతపట్టాలి. ఆ ఒక్క పూట ఓపిక లేనివాళ్లు ఏళ్ల తరబడి తప్పు నదిని కొలుస్తూ ఉండిపోతారు.

పటం చేతికొచ్చాక తెలుసుకోవలసింది, గని నీటిని ఏం చేస్తుందన్నది. బొగ్గు పొరల్లోనూ వాటి చుట్టూ ఉండే బంకమట్టిలోనూ పైరైట్ అనే ఖనిజం ఉంటుంది. ఇనుమూ గంధకమూ కలిసిన పదార్థం అది. భూమి లోపల గాలి తగలనంత కాలం కదలకుండా ఉంటుంది. తవ్వి బయట పోసినప్పుడు గాలీ నీరూ తగిలి, ఇనుము కరిగి, గంధకం సల్ఫేటుగా మారి, ఆమ్లం పుడుతుంది. ఈ మార్పును ఒక సూక్ష్మజీవి ఎన్నో రెట్లు వేగంగా నడిపిస్తుందని కోల్మర్, హింకిల్ అనే అమెరికన్ పరిశోధకులు 1947లో గని నీటిలోనే కనిపెట్టారు. ఇలాంటి నీరు చాలాసార్లు అద్దంలా తేటగా ఉంటుంది. ఆమ్లంలో లోహాలు కరిగే ఉంటాయి, కరిగినవి కంటికి కనిపించవు. నీటిలో తేలే సన్నని మట్టి కూడా ఆ లవణాల వల్ల ముద్దకట్టి అడుక్కు దిగిపోతుంది. నాచు పెరగదు, చేప కదలదు, అడుగున రాయి స్పష్టంగా కనిపిస్తుంది. వానాకాలంలో ఎర్రగా పారే మామూలు పల్లె వాగును చూసి ముఖం చిట్లించేవాళ్లు ఈ తేటనీటిని దోసిట పట్టుకుంటారు. మన కళ్లు బురదను గుర్తుపట్టడానికి అలవాటుపడ్డాయి, లవణాన్ని గుర్తుపట్టడానికి కాదు.

ఇక్కడిదాకా చదివినవాళ్లు, అయితే ఆమ్లాన్ని కొలిస్తే సరిపోతుంది కదా, పీహెచ్ చూస్తే తేలిపోతుంది కదా అనవచ్చు. గనుల గురించి కొంచెం చదువుకున్నవాళ్లు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే. సూరత్ లిగ్నైట్‌లో గంధకం ఉందనడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. ఆ విద్యుత్ కేంద్రంలో లిగ్నైట్‌తో పాటు సున్నపురాయిని కూడా బాయిలర్లో వేసేది ఆ గంధకాన్ని పట్టి ఉంచడానికే. కానీ వస్తాన్ భూమిలోనే మరో కథ ఉంది. ప్రపంచ శిలాజ శాస్త్రవేత్తలకు ఈ గని పేరు బాగా తెలుసు. సుమారు 5 కోట్ల 40 లక్షల ఏళ్ల నాటి గబ్బిలాలు, పక్షులు, తొలి క్షీరదాల అవశేషాలు ఈ పొరల్లోనే దొరికాయి. చెట్టు జిగురు గడ్డల్లో చిక్కుకున్న పురుగుల గురించి 2010లో లోకమంతా చదివింది. ఆ పొరల మధ్యనే సముద్ర జీవుల గవ్వలు, న్యుములైట్స్ అనే నాణెం ఆకారపు పెంకులు కూడా ఉన్నాయి. గవ్వంటే సున్నమే. ఆమ్లం సున్నాన్ని తాకితే విరిగిపోతుంది. అంటే పైరైట్ నుంచి ఆమ్లం పుట్టినా, దారిలో గవ్వల పొర తగిలితే పీహెచ్ 7 దగ్గరికి వచ్చేస్తుంది. మీటరు ‘మామూలే’ అంటుంది. ఆమ్లం పోయినా సల్ఫేటు పోదు. దానికి తోడు సున్నం నుంచి వచ్చిన కాల్షియం కూడా నీటిలో చేరి కాఠిన్యం పెరుగుతుంది. ఇలాంటి చోట పీహెచ్ ఒక్కదాన్నే చూసి గనికి నిర్దోషి పత్రం ఇవ్వడం సాక్షిని పిలవకుండానే కేసు కొట్టేయడం లాంటిది. అడగవలసిన సాక్షులు సల్ఫేటు, కరిగిన లవణాలతో పాటు పెరిగే విద్యుత్ వాహకత, కాఠిన్యం, ఇనుము, మాంగనీస్.

ఏది కొలవాలో ఎంచుకునేటప్పుడు, చేతిలో ఉన్న కొలబద్ద దేనికోసం తయారైందో కూడా అడగాలి. మన దేశంలో నదులను కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఎ నుంచి ఇ దాకా ఐదు తరగతులుగా చూస్తుంది. స్నానానికి పనికొచ్చే బి తరగతికి కరిగిన ఆక్సిజన్ లీటరుకు 5 మిల్లీగ్రాములకు తగ్గకూడదు, కుళ్లే పదార్థం తినేసే ఆక్సిజన్‌ను చెప్పే బీఓడీ 3 మించకూడదు, పీహెచ్ 6.5 నుంచి 8.5 లోపు ఉండాలి, కోలిఫాం సూక్ష్మజీవులు 100 మిల్లీలీటర్లకు 500 మించకూడదు. మురుగు కలిసిన నదిని పట్టుకోవడానికి ఇది మంచి కొలబద్దే. కానీ ఈ ఐదు తరగతుల మూల ప్రమాణాల్లో సల్ఫేటు లేదు, ఇనుము లేదు. గని నీటిలో కుళ్లే పదార్థం తక్కువ కాబట్టి బీఓడీ తక్కువే వస్తుంది. బండల మీద దూకి పారితే ఆక్సిజన్ నిండుగానే ఉంటుంది. అంటే గని దెబ్బ తిన్న వాగు కూడా దర్జాగా బి తరగతిలో పాసైపోవచ్చు. తాగునీటికి ఉన్న ఐఎస్ 10500 ప్రమాణంలోనైతే సల్ఫేటు ఉంది. లీటరుకు 200 మిల్లీగ్రాముల దాకా మంచిది, వేరే దారి లేనప్పుడు 400 దాకా పరవాలేదు అంటుంది. మొత్తం కరిగిన లవణాలకు ఆ హద్దులు 500, 2000. కానీ అది మనిషి గొంతు కోసం రాసిన ప్రమాణం, వాగులో బతికే ప్రాణుల కోసం కాదు. అమెరికాలో అపలాచియన్ కొండల బొగ్గు ప్రాంతపు వాగులను ఏళ్లపాటు పరిశీలించి, అక్కడి పర్యావరణ సంస్థ 2011లో విద్యుత్ వాహకతకు సెంటీమీటరుకు 300 మైక్రోసీమెన్స్‌ను ప్రమాణంగా సూచించింది. అది దాటాక మేఫ్లై లాంటి సున్నితమైన నీటి పురుగులు కనుమరుగవుతున్నాయని వాళ్లు గమనించారు. మన దగ్గర సాగునీటికి పెట్టిన ఇ తరగతి 2250 దాకా ఒప్పుకుంటుంది. చెరుకు తట్టుకునే నీటిలో చేప మేత బతక్కపోవచ్చు. అపలాచియన్ అంకెను తెచ్చి కిమ్ నది మీద పెట్టమని నేను అనను, అక్కడి రాళ్లు వేరు, పురుగులు వేరు. అందుకే బయటి అంకె కన్నా అదే నది ఎగువ అంకె ఎక్కువ నమ్మదగిన కొలబద్ద అంటాను.

ఎగువ, దిగువ అన్న రెండు మాటల్లోనే ఈ పనంతా ఉంది. గని నీరు కలవకముందు ఒక చోట, కలిసి బాగా కలగలిసిపోయాక ఒక చోట, గని నీరు వచ్చే కాలువలోనే ఒక చోట, కనీసం మూడు సీసాలు ఒకే పూట పట్టాలి. కలగలిసిపోయాక అని ఎందుకంటున్నానో సంగమాలు చూసినవాళ్లకు తెలుసు. రెండు నీళ్లు కలిసిన చోట వెంటనే ఒకటి కావు, చాలా దూరం వేర్వేరు రంగుల్లో పక్కపక్కనే నడుస్తాయి. ఆ చోట ఈ ఒడ్డున సీసా ముంచితే గని నీరే వస్తుంది, ఆ ఒడ్డున ముంచితే నది నీరే వస్తుంది. ఇద్దరూ నిజమే చెబుతారు, ఇద్దరూ తగువు పడతారు. వాహకత మీటరుతో ఒడ్డు నుంచి ఒడ్డుకు నాలుగైదు చోట్ల చూసి, అంకెలు దాదాపు సమానంగా వచ్చిన చోటునే దిగువ చోటుగా పెట్టుకోవాలి. మధ్యలో మరో వాగు గానీ కాలువ గానీ కలుస్తుంటే దాన్ని కూడా విడిగా కొలవాలి. ఈ జిల్లాలో ఉకాయ్, కాక్రాపార్ కాలువల నీళ్లు పారే పొలాలు చాలా ఉన్నాయి. పొలాల నుంచి జారే ఆ నీరు వాగుల్లో కలిసి లవణాన్ని పలచన చేయవచ్చు, ఎరువును మోసుకురావచ్చు. దాన్ని లెక్కలోకి తీసుకోకుండా ఎగువ దిగువ తేడా అంతా గనిదే అనడం న్యాయం కాదు.

చోటు ఎంత ముఖ్యమో కాలమూ అంతే. దక్షిణ గుజరాత్‌లో వాన దాదాపుగా జూన్ నుంచి సెప్టెంబరు దాకానే. తొలకరి జల్లు మట్టి గుట్టల మీద పడినప్పుడు, ఎండాకాలమంతా పైరైట్ మీద పేరుకున్న లవణాలన్నీ ఒక్కసారిగా కడుక్కుపోతాయి. ఆ రెండు మూడు రోజులు నీరు చెప్పే మాట మళ్లీ ఏడాది దాకా వినపడదు. ఆగస్టులో నిండు వరదలో అదే లవణం పలచబడి అంకె చిన్నదవుతుంది, కానీ మట్టి మాత్రం పోటెత్తుతుంది. వాన వెలిశాక గోతిలో నీటిని తోడి వదిలే రోజులు వేరు, పంపులు ఆగిన రోజులు వేరు. మేఘాలయలోని జయంతియా కొండల్లో లుఖా నది ఏటా చలికాలంలో నీలంగా మారిపోతూ వార్తల్లోకెక్కింది. వానాకాలంలో చూసినవాడికి అది మామూలు నదే. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2014 ఏప్రిల్‌లో అక్కడి ఎలుక బొరియల్లాంటి బొగ్గు గనులను నిషేధించే నాటికి ఆ కొండ వాగులు ఎన్నో పుల్లబడిపోయి ఉన్నాయి. జూలైలో ఒక్కసారి సీసా ముంచి వచ్చిన అధికారి నివేదికలో ఆ నీలం కనిపించదు. కాబట్టి ఏడాదిలో కనీసం నాలుగు సార్లు, తొలకరికి ముందు, తొలకరిలో, వరద తగ్గాక, నడి ఎండాకాలంలో, అవే చోట్ల పట్టాలి.

అంకెతో పాటు ప్రవాహాన్నీ రాసుకోవాలి. ఈ సంగతిని చాలామంది వదిలేస్తారు కాబట్టి కొంచెం విడమరుస్తాను. లెక్క కోసం అనుకోండి, ఎండాకాలంలో వాగులో సెకనుకు ఒక ఘనపు మీటరు నీరు పారుతోంది, సల్ఫేటు లీటరుకు 400 మిల్లీగ్రాములు. సెకనుకు 400 గ్రాముల సల్ఫేటు దిగువకు పోతోందన్నమాట. వానాకాలంలో ప్రవాహం 20 ఘనపు మీటర్లయింది, సల్ఫేటు 100కు దిగింది. అంకె నాలుగో వంతుకు పడిపోయింది కదా అని ఊపిరి పీల్చుకుంటాం. కానీ ఇప్పుడు సెకనుకు 2000 గ్రాములు పోతోంది. గుట్టల నుంచి కడుక్కుపోతున్న సరుకు ఐదు రెట్లయింది. తాగేవాడికి ముఖ్యం లీటరులో ఎంత ఉందన్నది, గుట్టలు ఎంత కారుతున్నాయో తెలుసుకోవాలనుకునేవాడికి ముఖ్యం మొత్తం బరువు. ప్రశ్న ఏదో ముందే తేల్చుకోకపోతే ఒకే కాగితం చూసి ఇద్దరు రెండు తీర్పులు ఇస్తారు.

ఇప్పుడు అభ్యంతరాల సంగతి. అందులో బలమైనది ఇది: ‘కిమ్ పరీవాహకంలో గని ఒక్కటేనా ఉంది? కిమ్, కొసంబా వైపు కర్మాగారాలున్నాయి, చెరుకు తోటల్లో ఎరువులు వేస్తారు, కింద సముద్రపు పోటు నీరు పైకి ఎక్కుతుంది. సల్ఫేటు కనిపించగానే గని మీద వేలు చూపితే ఎలా?’ ఈ అభ్యంతరం న్యాయమైనది, దీనికి జవాబు వెతకని పరీక్షకు విలువ లేదు. ఆ జవాబు పోలికలోనే దొరుకుతుంది, ఈసారి ఒక లవణాన్ని మరో లవణంతో పోల్చాలి. అద్దకం పనిలో ఉన్న సూరత్ తెలుగువాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. రంగు బట్టకు పట్టడానికి అద్దకం తొట్టిలో వేసే గ్లాబర్ సాల్ట్ సోడియం సల్ఫేటే. కాబట్టి అద్దకం నీటిలో సల్ఫేటు సోడియంతో జోడుగా వస్తుంది. సున్నపు పొరల్లో ఆమ్లం విరిగి వచ్చిన గని నీటిలో సల్ఫేటు కాల్షియం, మెగ్నీషియంలతో జోడుగా వస్తుంది. సముద్రపు నీరైతే సల్ఫేటు కన్నా క్లోరైడు ఎన్నో రెట్లు ఎక్కువ. పొలం నీరైతే నైట్రేటు ముందు పలుకుతుంది, అయితే పేలుడు మందు వాడే గనుల నుంచి కూడా నైట్రేటు వస్తుంది కాబట్టి దాన్ని ఒంటరిగా నమ్మకూడదు. ఈ జోడులు వేలిముద్రలంత కచ్చితం కావు, దారిలో మట్టి కొంత మార్చేస్తుంది. అయినా ఎగువ దిగువ తేడా, కాలాల తేడా, లవణాల జోడు మూడూ ఒకే వైపు చూపితే అది బలమైన సాక్ష్యం. మూడూ మూడు వైపుల చూపితే ‘ఇంకా తేలలేదు’ అని రాయాలి, అలా రాయడం ఓటమి కాదు. 2022 జనవరిలో సూరత్‌లోని సచిన్ పారిశ్రామికవాడలో ఒక ట్యాంకరు రసాయన వ్యర్థాన్ని మురుగు కాలువలో వదలగా విషవాయువు పుట్టి ఆరుగురు కార్మికులు చనిపోయారు. దొంగచాటుగా పారబోసేవాళ్లున్న చోట నింద ఎవరి మీద పడాలో సరిగ్గా తేల్చడం మరీ అవసరం. నింద తప్పు చోట పడితే అసలు దోషి హాయిగా తప్పించుకుంటాడు.

రెండో అభ్యంతరం, ఇదంతా నిపుణుల పని, మామూలు మనిషికి ఎందుకన్నది. లాబొరేటరీ నిపుణుడు చెప్పేది సీసాలో ఉన్న నీటి గురించే. సీసాలోకి ఏ నీరు, ఎప్పుడు, ఎలా వచ్చిందో అతనికి తెలియదు. తప్పు ఎక్కువగా జరిగేది అక్కడే. పీహెచ్, ఉష్ణోగ్రత, వాహకత ఒడ్డునే చూడాలి, ఎందుకంటే సీసాలో గంటలు గడిచేకొద్దీ నీరు మారిపోతుంది. కరిగిన ఇనుము గాలి తగిలి తుప్పుగా మారి అడుక్కు చేరుతుంది. లాబొరేటరీవాళ్లు పైనున్న తేటను తీసి పరీక్షిస్తే ఇనుము లేదని వస్తుంది. అందుకే లోహాల కోసం పట్టిన సీసాలో ఒడ్డునే నైట్రిక్ ఆమ్లం చుక్కలు వేసి పీహెచ్ 2 కన్నా కిందికి తెస్తారు. కరిగినది ఎంత, తేలేది ఎంత అని విడిగా తెలియాలంటే ఆమ్లం వేయకముందే వడకడతారు. సూక్ష్మజీవుల సీసా వేడిలో శుద్ధి చేసినది కావాలి, మంచులో పెట్టి అదే రోజు చేర్చాలి. ప్రవాహం మధ్యలో, దానికి ఎదురుగా నిలబడి, కాళ్లతో అడుగు కెలకకుండా, నీటిపొర కింద జానెడు లోతున సీసా నింపాలి. ఇవేవీ డిగ్రీ అడిగే పనులు కావు, శ్రద్ధ అడిగే పనులు. మీటరును ప్రతిసారీ పీహెచ్ 4, 7 ద్రావణాలతో సరిచూసుకోవడం కూడా అంతే. ఇక పత్రాల సంగతి. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం అనుమతి పొందిన ప్రాజెక్టు ఏటా జూన్ 1న, డిసెంబరు 1న షరతుల అమలు నివేదిక ఇవ్వాలి. ఆ నివేదికలు ప్రజా పత్రాలని అందులోనే రాసి ఉంది. దొరక్కపోతే సమాచార హక్కు చట్టం ఉంది. ఆ నివేదికలోని అంకెలు తప్పని ముందే అనుకోకండి, ఒప్పని కూడా ముందే అనుకోకండి. ఎక్కడ పట్టారు, ఏ నెలలో పట్టారు, ఎగువ అంకె ఇచ్చారా అని చూడండి.

మూడోది మనసు మంచివాళ్లు వేసే ప్రశ్న. జనానికి ఇన్ని లెక్కలు అర్థం కావు, అన్నిటినీ కలిపి వందకు ఇన్ని అని ఒక్క మార్కు ఇస్తే పోదా అని. ఈ ఆలోచన పాతదే. హోర్టన్ 1965లో నీటి నాణ్యత సూచికను ప్రతిపాదించాడు, 1970లో అమెరికా నేషనల్ శానిటేషన్ ఫౌండేషన్ తొమ్మిది అంశాలతో దానికి రూపం ఇచ్చింది. ఆ తొమ్మిదిలోనూ సల్ఫేటు లేదు, లోహాలు లేవు. పైగా సగటులో ఒక పెద్ద దోషం ఉంది. ఎనిమిది సబ్జెక్టుల్లో తొంభై వచ్చి ఒకదాంట్లో సున్నా వస్తే సగటు ఎనభై. బడిలో అది ఫస్టుక్లాసు. నీటిలో ఆ సున్నా సీసమైతే ఎనభై మార్కుల నీరు తాగిన పిల్లల మెదడు దెబ్బతింటుంది. ఒకే నదిని ఏటేటా పోల్చడానికి సూచిక పనికొస్తుంది, దాన్ని నేను కొట్టిపారేయను. కానీ దాని పక్కనే అన్నిటికన్నా అధ్వానంగా వచ్చిన అంశం పేరూ అంకే రాయకుండా మార్కు మాత్రం చెప్పడం జనాన్ని చిన్నచూపు చూడటమే. మగ్గం మీద పోగు లెక్క తప్పకుండా చూసేవాళ్లకు, ఎకరానికి ఎరువు లెక్క వేసుకునేవాళ్లకు రెండు అంకెల తేడా అర్థం కాదనుకోవడం మన పొరపాటు.

చివరి అభ్యంతరానికి నేను పూర్తిగా తలవంచుతాను. ‘మీరు నాలుగు కాలాలు కొలిచేదాకా మేం ఆ నీళ్లే తాగుతూ ఉండాలా?’ అని ఒక ఊరివాళ్లు అడిగితే, అక్కర్లేదన్నదే జవాబు. ఎవరి వల్ల చెడిందని తేల్చడం ఒక పని, తాగాలా మానాలా అని నిర్ణయించడం వేరే పని. మొదటిదానికి ఓపిక కావాలి, రెండోదానికి తొందర కావాలి. అనుమానం వచ్చిన రోజే తాగే నీటిని మార్చుకోవచ్చు, మరో బావినో ట్యాంకరునో అడగవచ్చు. దానికి ఎవరి నేరమూ రుజువు కానక్కర్లేదు. ఈ రెండింటినీ ముడిపెట్టడం వల్లే చాలా ఊళ్లు చిక్కుకుంటాయి. రుజువు లేదు కాబట్టి నీళ్లు మార్చం అని ఒకవైపు, నీళ్లు మార్చారు కాబట్టి నేరం ఒప్పుకున్నట్టే అని ఇంకోవైపు. ఇంట్లో తగాదాలకూ ఇదే వర్తిస్తుంది. గాయానికి ముందు కట్టు కట్టి, ఎవరు కొట్టారో తర్వాత నిదానంగా విచారించవచ్చు.

ఈ పని అలవాటు చేసుకున్నవాళ్లలో ఒక మార్పు వస్తుంది. తన అనుమానానికి ఎదురుగా వచ్చిన అంకెను కూడా అదే నోటుపుస్తకంలో అదే సిరాతో రాయడం వాళ్లు నేర్చుకుంటారు. ఎగువ నీరే చెడిందని తేలితే గని మీద కోపాన్ని పక్కన పెట్టి ఎగువకు నడుస్తారు. దిగువ చెడిందని తేలితే ఎంత పెద్దవాళ్ల ముందైనా తేదీ, చోటు, అంకె చదివి వినిపిస్తారు. గొంతు పెంచవలసిన అవసరం వాళ్లకు రాదు. వ్యక్తిత్వం అంటే ఇదని నా నమ్మకం, ధైర్యం మీద పుస్తకాలు చదివి తెచ్చుకునే ధైర్యం కన్నా ఇది ఎక్కువ కాలం నిలుస్తుంది.

గని ఎలాగూ ఒకరోజు మూతపడుతుంది కదా అని నిమ్మళంగా ఉండేవాళ్లకు జర్మనీలోని లుసాటియా సంగతి చెప్పాలి. అదీ లిగ్నైట్ ప్రాంతమే. 1990 తర్వాత అక్కడ చాలా గనులు మూతపడ్డాయి. పంపులు ఆగాక భూగర్భ జలం మళ్లీ పైకి లేచి, తవ్వి పోసిన మట్టిని తడిపి, ఇనుమునూ సల్ఫేటునూ స్ప్రీ నదిలోకి తెచ్చింది. గనులు మూతపడి దశాబ్దాలు గడిచాక కూడా ఆ నది పాయలు తుప్పురంగులో పారాయి. ఆ నీరు దిగువన బెర్లిన్ తాగునీటికి చేరుతుంది కాబట్టి సల్ఫేటు తమ దేశపు హద్దు అయిన 250 మిల్లీగ్రాములు దాటకుండా చూసుకోవడం ఆ నగరానికి తలనొప్పిగా మారింది. గనికి ముందు ఆ నీరు ఎలా ఉండేదో రాసిపెట్టిన పాత అంకెలు ఉన్నచోట వాదన త్వరగా తేలుతుంది, లేనిచోట తరాలు సాగుతుంది. పోయిన ఏటి నీటిని ఈ ఏడు ఎవరూ కొలవలేరు. మీది మాంగ్రోల్ అయినా, మణుగూరు అయినా, మీ ఊరి దగ్గర కొత్త గని గురించి వినపడిన రోజునే, తొలకరి పడకముందే, ఎగువన ఒక సీసా, దిగువన ఒక సీసా నింపి, తేదీ రాసి, పరీక్షకు పంపండి.